కాదు, లేదు, వద్దు, ఒల్లను

పాఠశాలలో తెలుగు చెప్పువారికి పరీక్షాపత్రములు దిద్దుట తప్పని పని. ఆ పత్రములలో పర్యాయపదములును వ్యతిరేకపదములును వ్రాయుడని యడుగనిది యరుదు. విద్యార్థులును వానిని వల్లెవేసి తడబడక యొప్పగింతురు. ‘నిరాకరించు’ అను మాటకు పర్యాయపదము లేవి? తిరస్కరించు, నిరసించు, త్రోసిపుచ్చు, ఒల్లకుండు, కాదను. వ్యతిరేకపద మేది? అంగీకరించు. ఇంత వ్రాసినవానికి మార్కులన్నియు వచ్చును. అంతటితో పాఠము ముగిసినట్లే యుండును.

మేమును బహుకాల మింతటితో తృప్తినొందినవారమే. పర్యాయపదములనగా ఒకదాని బదులు మఱియొకటి చెల్లునట్టి నాణెములని తలంచి యట్లే బోధించితిమి. ఆ తలంపు సరికాదని మాకు తెలిసివచ్చిన విధమును ఈ వ్యాసము చివర చెప్పుదుము. ముందుగా మాటల సంగతి విచారింతము.

ఆంగ్లమున ‘నో’ యను చిన్నమాట యొక్కటి యున్నది. ఏ ప్రశ్నకైనను అది యుత్తరముగా సరిపడును. తెలుగున అట్టి సర్వసామాన్యమైన మాట లేదు. “ఇది నీ పుస్తకమా?” యని యడిగిన “కాదు” అందుము. “నీయొద్ద పుస్తకము కలదా?” యని యడిగిన “లేదు” అందుము. “పుస్తకము కావలెనా?” యని యడిగిన “వద్దు” అందుము. “నీ పుస్తకము నిచ్చెదవా?” యని యడిగిన “ఈయను” అందుము. ప్రశ్నలు నాలుగు, ఉత్తరములును నాలుగు. ఒకదాని చోట మఱియొకదాని నుంచిన పసిబిడ్డ సయితము నవ్వును. ఇంటిలో తల్లియొద్ద తెలుగు నేర్చిన బాలుడు బడికి రాకమునుపే యీ భేదము నెఱుగును. అయినను ఎఱిగియున్నానని యెఱుగడు. దానిని ఎఱుకపఱచుటయే ఉపాధ్యాయుని పని.

ఈ మాటల పుట్టుక చూడుడు. ‘అగును’ అనునది వాడుకలో ‘అవును’, ‘ఔను’ అయినది. దానికి వ్యతిరేకరూపము ‘కాదు’. కాబట్టి ఈ రెండును వస్తువు యొక్క స్వరూపమును గూర్చి పలుకును. ‘కలదు’ అనుదానికి వ్యతిరేకము ‘లేదు’. ఇవి యునికిని గూర్చి పలుకును. ‘వలయును’ అనుదానికి వ్యతిరేకము ‘వలదు’. అదియే ‘వద్దు’ అయినది. ఇవి కోరికను గూర్చి పలుకును. ‘ఒల్లు’ అనగా ఇష్టపడుట, సమ్మతించుట. ఇది వ్యతిరేకమునందే తఱచుగా వినబడును. కొన్ని సీమలలో “నేనొల్ల” నను మాట నేటికిని జనుల నోట నున్నది. ఇది మనస్సును గూర్చి పలుకును. కాబట్టి ‘వద్దు’ అనుదానికి వ్యతిరేకపదము ‘ఔను’ అని వ్రాసిన విద్యార్థికి మార్కు తగ్గించుట న్యాయమే. ‘వద్దు’కు ‘కావలెను’ ఎదురుమాట; ‘కాదు’కు ‘ఔను’ ఎదురుమాట; ‘లేదు’కు ‘ఉన్నది’ ఎదురుమాట; ‘ఒల్లను’కు ‘సరే’ ఎదురుమాట.

ఇంకొక విశేషము గలదు. సంస్కృతమున ‘న’ యను శబ్దమును క్రియకు ముందుంచి నిరాకరణమును తెలుపుదురు. ఆంగ్లమున ‘నాట్’ అను మాటను చేర్పవలెను. తెలుగుక్రియకు ఇట్టి సాయ మక్కఱలేదు. ‘చేయుదును’ అనుదానికి ఎదురుగా ‘చేయను’ అన్న చాలును. చేయను, చేయము, చేయవు, చేయరు, చేయడు, చేయదు. కాదను శబ్దము వెలుపలినుండి వచ్చి చేరలేదు. క్రియయే తన రూపమును మార్చుకొన్నది. దీనినే వ్యాకరణమున వ్యతిరేకక్రియ యందురు. పరవస్తు చిన్నయసూరి 1858వ సంవత్సరమున ప్రకటించిన బాలవ్యాకరణమున ఈ రూపములకు సూత్రములు గలవు. మన సోదరభాషలగు తమిళ కన్నడములందును ఇట్టి రూపములు గలవు. నిరాకరణము మన క్రియలోనే దాగియున్న దన్నమాట.

క్రియలోనున్న ఈ నిరాకరణము మరల పలుతెఱగుల నుండును. ‘చేయను’ అనగా నాకిష్టము లేదు. ‘చేయలేను’ అనగా నాకు శక్తి లేదు. ‘చేయరాదు’, ‘చేయకూడదు’ అనగా అది నియమమునకు విరుద్ధము. ‘చేయదగదు’ అనగా అది మర్యాదకు విరుద్ధము. ‘చేయలేదు’ అనగా జరిగినపని కాదు. వీని యెదురుమాటలును వేఱువేఱు: చేయుదును, చేయగలను, చేయవచ్చును, చేయదగును, చేసితిని. అక్షరమొకటి రెండు మాఱినంతనే నిరాకరించుటకు గల కారణమే మాఱిపోవుచున్నది. పరభాషలందు “ఏల?” యని మఱియొక ప్రశ్న వేసి తెలిసికొనవలసిన దానిని తెలుగువాడు మొదటిమాటలోనే చెప్పివేయును. చెప్పదలచినచో చెప్పగలడు అనుట మేలు. ఏలయనగా దాచదలచినవాడును ఈ మాటలచాటుననే దాచును. మనస్సులో ‘చేయను’ అనుకొని పెదవితో ‘చేయలేనండి’ అనువారు తరగతికి నలుగురైన నుందురు. వారి వ్యాకరణమునందు దోషము లేదు. దోషము వేఱొకచోట నున్నది.

ఇక సంస్కృతమునుండి వచ్చిన పదములను చూతము. పూర్వము బాలురు అమరకోశమును, పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహమును కంఠస్థము చేసెడివారు. నిరాకృతి, ప్రత్యాదేశము, ప్రత్యాఖ్యానము మున్నగునవి యొకే అర్థము గలవని అమరసింహుడు చెప్పెను. అర్థ మొక్కటియే యైనను బరువు లొక్కటి కావు. ‘నిరాకరించుట’ యనగా తనయొద్దకు వచ్చినదానిని తొలగించుట. ఇందు కోపము లేదు, అవమానము లేదు. ‘తిరస్కరించుట’ యట్టిది కాదు. సంస్కృతమున ‘తిరస్కరిణి’ యనగా తెర. ఎదుటివానికిని తనకును నడుమ తెర వేసికొని యతనిని కనులయెదుట లేకుండ చేయుటయే తిరస్కారము. కోరికను నిరాకరింపవచ్చును, కోరినవానిని తిరస్కరింపరాదు. ‘నిషేధించుట’కు అధికారము కావలెను. పాఠశాల నిషేధించును, ప్రభుత్వము నిషేధించును, తోడివిద్యార్థి నిషేధింపజాలడు. ‘త్రోసిపుచ్చుట’ తీర్పు చెప్పువారు చేయుపని. ‘బహిష్కరించుట’ పలువురు కూడి చేయునది.

వీని యెదురుమాటలును ఈ తూనికనే సరిచూచుకొనవలెను. నిరాకరించుటకు అంగీకరించుట, తిరస్కరించుటకు ఆదరించుట, నిషేధించుటకు అనుమతించుట, త్రోసిపుచ్చుటకు ఆమోదించుట. ‘అంగీకారము’ అను మాటలో ‘అంగము’ గలదు. పరుని మాటను తన యంగముగా చేసికొనుట యని దాని భావము. చేయి కాలు మనతో నెట్లు వచ్చునో, అంగీకరించిన పనియు మనతో నట్లు రావలెను. తలయూచి తప్పించుకొనువాడు అంగీకరించినవాడు కాడు.

నిరాకరణమనునది యొక్కని యింటిమాట మాత్రమే కాదు. 1920వ సంవత్సరమున గాంధీమహాత్ముడు నడిపిన యుద్యమమునకు మనవారు ‘సహాయనిరాకరణ’ మని పేరిడిరి. మఱుసటి సంవత్సరము, 1921లో, చీరాల పేరాల ప్రజలు తమపై వచ్చిన పురపాలకసంఘమును దాని పన్నుల భారమును ఒల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున తమ యిండ్లు విడిచి ఊరివెలుపల పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. వారు రాళ్లు రువ్వలేదు, దూషింపలేదు. ఇల్లు విడిచిపోవుటయే వారు పలికిన ‘ఒల్లము’. వారు పలికిన ఆ మాట తిరస్కారము కాదు, నిరాకరణము. ఆ పేరు పెట్టినవారు మాటను తూచియే పెట్టిరి.

ఇన్ని మాటలుండియు మనము వానిని పలుకుటకు వెనుకాడుదుము. మన యిండ్లలో బియ్యము లేకపోయిన ‘లేవు’ అనరు; ‘నిండుకొన్నవి’ అందురు. దీప మాఱిపోయిన ‘కొండెక్కినది’ అందురు. లేమిని నోట పలుకుట మంగళము కాదని పెద్దలకు తోచినది. ఇది సౌమ్యమైన యాచారమే, దీనిని నిందింపము. అయితే ఈ వెనుకాటునకే ‘మొగమాట’ మను మఱియొక పేరున్నది. అప్పు అడుగవచ్చినవానితో ‘ఈయలేను’ అనక, ‘రేపు రండు’ అందుము. అతడు రేపు వచ్చును, మఱునాడును వచ్చును. మొదటిదినమున ఒక్కమాటతో తీఱిపోవు నొప్పి పది దినములకు ప్రాకును. ‘చూతములెండు’ అను మాట నిఘంటువున నిరాకరణమునకు పర్యాయపదము కాదు గాని, మన వీధిలో పర్యాయపదమే.

వద్దనుటకు హక్కెవరిదన్న ప్రశ్నయు గలదు. ఈ కథ మీలో పెక్కురు వినియుందురు. ఒక యింటిముంగిట బిచ్చగాడు నిలిచి యన్నము పెట్టుమనగా కోడలు “లేదు, పొమ్ము” అనెను. అతడు పోవుచుండగా అత్త యెదురై సంగతి విని మండిపడి, “నేనుండగా లేదనుటకు అది యెవతె? రమ్ము” అని యతనిని వెనుకకు పిలుచుకొనివచ్చెను. ఆశతో వచ్చి నిలిచిన వానితో ఆమె తీరికగా గడపయెక్కి, “ఇప్పుడు నేను చెప్పుచున్నాను: లేదు, పొమ్ము” అనెనట. ఈ కథ విని నవ్వనివా రుండరు. మేమును నవ్వితిమి. కాని మాటలెన్ని తెలిసినను చిన్నవారికి కాదను నధికారము లేదన్న సంగతి ఆ నవ్వులో దాగియున్నదని మాకు చిరకాలము తట్టలేదు.

మనము పాఠముగా చదువుకొను వామనచరిత్రమును తలంచుకొనుడు. పోతనామాత్యుడు తెనిగించిన భాగవతమున అష్టమస్కంధములోని కథ యిది. వటువు మూడడుగుల నేల యడిగెను. శుక్రాచార్యుడు లేదని చెప్పుమని బలిచక్రవర్తికి హితవు పలికెను. ఇచ్చెదనన్న మాట తిరుగనని బలి గురువు హితవును కాదనెను. ఇక్కడ పిల్లలు గమనింపవలసిన దొకటి గలదు. యాచకునితో ‘లేదు’ అనజాలనివాడు గురువుతో ‘ఒల్లను’ అనవలసివచ్చెను. ఒకచోట ఔనన్నవాడు మఱియొకచోట కాదనక తప్పదు. బలి యెవరికి కాదనుచున్నాడో తెలిసియే కాదనెను. మనలో పెక్కురము తెలియకయే కాదనుచుందుము.

సువార్తలో యేసుప్రభువు చెప్పిన యిద్దఱు కుమారుల యుపమానమును మన విద్యార్థులందఱు ఎఱుగుదురు. తోటలో పనికి పొమ్మని తండ్రి చెప్పగా ఒకడు పోనని చెప్పి, పిమ్మట మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు పోయెదనని మర్యాదగా పలికి పోలేదు. తండ్రి యిష్టము చొప్పున చేసినవా డెవడని ప్రశ్న. మొదటివాడు తన మనస్సులోని మాట పలికెను గనుక దానిని మార్చుకొనుటకును వీలు కలిగెను. రెండవవాని ‘సరే’ వెనుక ఏమియు లేదు గనుక మార్చుకొనుటకును ఏమియు లేకపోయెను.

ఇప్పుడు మా సంగతి. కొన్నియేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. నెమ్మదిగలవాడు, తెలుగున మొదటివాడు. ఒక పరీక్షలో ‘నిరాకరించు’ అను పదమునకు ఏడు పర్యాయపదములను తప్పులేక వ్రాసెను. మేమా పత్రమును తరగతికి చదివి వినిపించితిమి. తరువాత కొన్ని దినములకు పాఠశాల వార్షికోత్సవము వచ్చినది. ముందునాటి మధ్యాహ్నము తరగతిగదులలోని బల్లలను మైదానమునకు చేర్పించుచుంటిమి. ఆ బాలుడు గోడ నానుకొని నిలిచియుండెను. “ఊరక నిలుచుంటివేమి? నీవును పట్టుము” అంటిమి. “చిత్తమండి” అనెను. ఎండలో పది పండ్రెండు బల్లలు మోసెను. పిమ్మట వేపచెట్టు మొదట కూలబడి వణకుచుండగా పిల్లలు వచ్చి చెప్పిరి. నుదురు ముట్టిచూచితిమి, నిప్పువలె కాలుచుండెను. ముందురాత్రినుండియు జ్వరమట.

“ఏల చెప్పలేదు?” అని యడిగితిమి. “మీరు పట్టుమంటిరి కదండీ” అనెను.

మేమే యతని నింటికి చేర్చితిమి. అతని తల్లి మాకు పీట వేసి, కుమారునకు దుప్పటి కప్పి, మమ్ము నొక్కమాటయైన ననక, “పెద్దలమాటకు ఎదురాడరాదని మేమే చెప్పియుంటిమండి” అనెను. ఆ మాట మాకు నిందకంటె బరువుగా తోచెను. బాలుడు వారము దినములు మంచము పట్టెను. వార్షికోత్సవపు నాటకమున నతడు ధరింపవలసిన వేషమును మఱియొకడు ధరించెను. నెలదినములనుండి యతడు వల్లించుకొన్న మాటలను పరుడు పలుకుచుండగా వెనుకవరుసలో కూర్చున్న మాకు నాటకము సగము వినబడలేదు.

ఆ బాలున కేడు మాటలు తెలియును. అందులో నొక్కటి పలుకుటకు మేము చోటీయలేదు. ఆనాడు అతడు పలుకవలసినది ‘చేయను’ కాదు, ‘ఒల్లను’ కాదు. ‘చేయలేనండి’ అను ఒక్కమాట. అందు అవిధేయత లేదు, అమర్యాద లేదు, అసత్యము లేదు. కాని పెద్దల యెదుట కాదను మాటలన్నియు నొక్కటే యని యతడు తలంచెను. అట్లు తలంచునట్లు మేమే నేర్పితిమి. పర్యాయపదములన్నియు నొకే నాణెపు ముద్రలని చెప్పినవారము మేమే కదా.

అది మొదలు మా పాఠమును మార్చుకొంటిమి. పర్యాయపదములను వరుసగా వ్రాయుమని యడుగుట మానితిమి. సందర్భము చెప్పి మాట నడుగుచున్నాము. పరీక్షలో ప్రక్కవాడు నీ పత్రము చూపుమనెను, ఏమందువు? “నాకు రాదు” అనుట అబద్ధము. “చూపను” అనుట నిజము. కాలువలో నీదుదము రమ్మని మిత్రులు పిలిచిరి, ఈత రాదు, ఏమందువు? “తరువాత వత్తును” అనక, “నేను రాను, నాకు ఈత రాదు” అనవలెను. చుట్టమింట మఱియొక ముద్ద వడ్డింపబోయిరి, ఏమందువు? “వద్దండి, చాలును” అన్న మర్యాదయే. మాట చివర నొక ‘అండి’ చేరిన కాదనుటయు వినయముగానే వినబడునని పిల్లలకు తెలిసినది.

పని చెప్పునపుడును “వీలు కానివా రెవరైన నున్నారా?” యని యడిగి, కొంచెము సేపు ఆగుచున్నాము. ఆ యాగుటయే ముఖ్యము. మొదటి దినములలో నెవరును నోరు మెదపలేదు. ఒకనాడు ఒక బాలిక లేచి, “నేను మోయలేనండి, చేయి బెణికినది” అనెను. ఆ దినమునకు అంతకంటె మంచి పాఠము జరుగలేదు. ఇంకొకనాడు ఒక పిల్లవాడు గది యూడ్వవలసిన వంతు వచ్చినపుడు “చేయలేనండి” అనెను. “లేవా, చేయవా? సరియైన మాట పలుకుము” అంటిమి. అతడు తల గోకికొని, “చేయనండి” అని నవ్వి, చీపురు తీసికొనెను. ఉపమానములోని మొదటి కుమారుడు మా తరగతిలోనే యున్నాడని సంతోషించితిమి.

విద్యార్థులారా, మీ నిఘంటువులో కాదను మాట లెన్నియున్నను, పలుకుటకు ముందు మీ మనస్సున మూడు ప్రశ్నలు వేసికొనుడు. నాకిష్టము లేదా? శక్తి లేదా? అది చేయరాని పనియా? దేనికి దగిన మాట దానికి గలదు. దానినే పలుకుడు. తల్లిదండ్రులారా, బిడ్డ ‘వద్దు’ అన్నపుడు కోపపడుటకు ముందు అది యే ‘వద్దో’ వినుడు. ఆకలి లేక అనెనా, ఒడలు బాగులేక అనెనా, భయపడి అనెనా యని యొక్కక్షణ మాలోచింపుడు. ఉపాధ్యాయ సోదరులారా, మన తరగతిలో ‘చిత్తమండి’ అను మాట యొక్కటియే వినబడుచున్నయెడల క్రమశిక్షణ బాగున్నదని నిశ్చింతగా నుండకుడు.

ఆ బాలు డిప్పుడు పెద్దవాడై యుద్యోగము చేసికొనుచున్నాడు. క్రిందటి పండుగకు మమ్ము చూడవచ్చెను. ఒక చిన్నపని చెప్పబోయితిమి. “ఈపూట వీలు కాదండి మాస్టారూ, రేపు తప్పక చేసెదను” అనెను. మఱునాడు వచ్చి చేసెను. పరీక్షాపత్రమున నతడు వ్రాసిన యేడు మాటలకంటె ఈ యొక్క మాటకే మేము ఎక్కువ మార్కులు వేయుదుము.